పైన వివాల్డి, కింద జాజ్

లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌కు ఈశాన్య మూలన సెయింట్ మార్టిన్-ఇన్-ద-ఫీల్డ్స్ అనే చర్చి ఉంది. 1722లో పని మొదలై 1726లో పూర్తయింది. కట్టినవాడు జేమ్స్ గిబ్స్. స్కాట్లండ్ మనిషి, రోమ్ వెళ్లి కార్లో ఫొంతానా దగ్గర పని నేర్చుకుని వచ్చాడు. ఆరు కొరింథియన్ స్తంభాల ముఖమండపం, దాని వెనక దాదాపు 58 మీటర్ల ఎత్తుకు లేచిన శిఖరం: బయటినుంచి చూసిపోయేవాళ్లకు ఇవే గుర్తుంటాయి. కచేరీ వినడానికి వచ్చినవాళ్లు మాత్రం లోపలికి వెళ్లి తలెత్తి చూడాలి. ఈ చర్చి సంగీతానికి అసలు ఆధారం దాని కప్పు.

గిబ్స్ 1728లో తన నిర్మాణాల పటాలను పుస్తకంగా అచ్చు వేయించాడు. అందులో ఈ కప్పు గురించి ఒక్క వాక్యంలో తేల్చి చెప్పాడు: దీన్ని దీర్ఘవృత్తం వంపులో కట్టాను, అర్ధవృత్తమంత అందం దీనికి లేదు, కానీ గొంతుకు ఇదే మేలని అనుభవం మీద తెలుసుకున్నాను, అని దాని సారాంశం. పేరున్న వాస్తుశిల్పి తన కట్టడంలో అందం కాస్త తగ్గిందని తనే అచ్చులో చెప్పుకోవడం అరుదు. వినికిడి కోసం చూపును కొంచెం వదులుకున్నానని అతను దాచలేదు. ఆ వదులుకున్నదాని ఫలం మూడు వందల ఏళ్లుగా పాడేవాళ్లకూ వాయించేవాళ్లకూ అందుతోంది.

ఇప్పుడు ఈ చర్చిలో ఏడాది పొడవునా కచేరీలు జరుగుతాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు ముప్పావు గంట పాటు చిన్న కచేరీలుంటాయి. సాయంత్రాలు కొవ్వొత్తుల వెలుగులో వివాల్డి, బాఖ్, మొజార్ట్, హాండెల్ వినిపిస్తారు. నేలమాళిగలోని కేఫ్‌లో ఏళ్ల తరబడి బుధవారం రాత్రుళ్లు జాజ్ నడిచింది. గోడ మీది కార్యక్రమాల పట్టీ చూస్తే రకరకాల సరుకు ఒకచోట పేర్చినట్టే కనిపిస్తుంది. నిజానికి ఏ సంగీతం ఏ అంతస్తులో, ఎంతమంది వాద్యకారులతో, ఏ వేళకు అన్నది చాలావరకు ఈ భవనమే నిర్ణయిస్తుంది. అదెలాగో తెలియాలంటే కప్పుతోనే మొదలుపెట్టాలి.

వంపు తిరిగిన ఉపరితలం ధ్వనిని అద్దం వెలుతురును తిప్పినట్టే తిప్పి ఒకచోటికి చేరుస్తుంది. వంపు ఎంత బిగుతుగా ఉంటే అంత ఇరుకైన చోటికి చేరుస్తుంది. అర్ధవృత్తపు కప్పు కింద కొందరికి ధ్వని రెట్టింపై వినిపిస్తే, నాలుగడుగుల అవతల కూర్చున్నవాళ్లకు పలచబడుతుంది. దీర్ఘవృత్తపు కప్పులో మధ్యభాగం చదునుగా సాగి, అంచుల దగ్గరే కిందికి వంగుతుంది. అందుకని ధ్వని ఒకచోట గుమిగూడకుండా పరుచుకుంటుంది. ఇంకో లాభం, ఎత్తు తగ్గుతుంది. ఎత్తు తగ్గితే లోపలి గాలి ఘనపరిమాణం తగ్గుతుంది, దాంతో మోత త్వరగా అణుగుతుంది. కప్పు దగ్గరగా ఉండడం వల్ల తిరిగొచ్చే ధ్వని ఆలస్యం కాదు.

ఈ ఆలస్యంలోనే ఉంది కిటుకంతా. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వాద్యం నుంచి తిన్నగా వచ్చిన ధ్వనికీ, కప్పుకు తగిలి వచ్చిన ధ్వనికీ మధ్య దారి తేడా 17 మీటర్ల లోపే ఉంటే, రెండోది సెకనులో ఇరవయ్యో వంతు లోపల వచ్చేస్తుంది. చెవి ఆ రెంటినీ వేరు చేయదు, ఒకే ధ్వని కాస్త నిండుగా వచ్చిందనుకుంటుంది. అంతకు మించి ఆలస్యమైతే మాట మీద మాట పడ్డట్టు ఉంటుంది. ఇదే ఊళ్లోని సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో, ఖాళీగా ఉన్నప్పుడు, గట్టిగా చేసిన చప్పుడు పూర్తిగా అణగడానికి పది సెకన్లకు పైనే పడుతుంది. అక్కడ బృందగానం ఆకాశం నుంచి దిగుతున్నట్టు ఉంటుంది గానీ, వేగంగా వాయించిన వయొలిన్ స్వరాలు తడినేల మీద వేసిన ముగ్గులా అలుక్కుపోతాయి. గిబ్స్ చర్చి అంత పెద్దది కాదు, అలాగని మోతే లేనంత పొడిగానూ ఉండదు. ఆ మధ్యస్థితే దాని బలం.

కప్పు మీద జుజెప్పె ఆర్తారి, జొవాన్ని బాగుత్తి చేసిన గచ్చు పని ఉంది. ఆ కాలంలో ఇంగ్లండ్‌లో ఇలాంటి పనికి ఆల్ప్స్ దక్షిణ వాలు నుంచి వచ్చిన ఇటాలియన్ భాష మాట్లాడే పనివాళ్లదే పేరు. లతలు, గవ్వలు, చట్రాలు, దేవదూతల ముఖాలు వేళ్లలోతున ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. చూడ్డానికి అలంకారమే. కానీ సెకనుకు నాలుగు వేల కంపనాలున్న ధ్వని తరంగం పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. అంత చిన్న తరంగానికి ఈ ఎత్తుపల్లాలు అడ్డుపడతాయి, తాకిన ధ్వని నలువైపులా చెదురుతుంది. వయొలిన్ పైస్థాయి స్వరాల్లో ఉండే గరుకు ఇక్కడ మెత్తబడేది అందుకే. మంద్రస్వరాల తరంగాలు మూడు మీటర్ల పైమాటే, వాటికి ఈ గచ్చు లతలు లెక్కలోకి రావు. వాటి సంగతి మూడు వైపులా ఉన్న గ్యాలరీల చెక్క చూసుకుంటుంది. పలుచటి చెక్క పలకలు మంద్రధ్వనికి తామూ కంపించి, దాని శక్తిలో కొంత మింగేస్తాయి. చెక్క, సున్నం తలా ఒక స్థాయిని చక్కబెట్టుకుంటాయి. ఇదంతా గిబ్స్ లెక్క కట్టి చేసిందని చెప్పలేం. లెక్క కట్టే పద్ధతే అప్పటికి లేదు.

ఆ పద్ధతి రావడానికి ఇంకో నూట డెబ్భై ఏళ్లు పట్టింది. 1895లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో మాట్లాడినదేదీ అర్థం కాకపోతే, ఆ చిక్కు విప్పమని వాలెస్ క్లెమెంట్ సబీన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. అతను రాత్రుళ్లు, ఊరు సద్దుమణిగాక, పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి మందిరంలో పరిచేవాడు. ఒక ఆర్గాన్ గొట్టాన్ని ఊది ఆపి, మోత ఎప్పటికి అణుగుతుందో గడియారంతో కొలిచేవాడు. దిండ్లు పెంచి మళ్లీ కొలిచేవాడు. తెల్లారేసరికి దిండ్లన్నీ వాటి చోట్లకు చేరాలి. అలా తేలిన సూత్రం చాలా చిన్నది: మీటర్ల లెక్కలో గది ఘనపరిమాణాన్ని, అందులోని వస్తువులన్నీ కలిసి మింగే మొత్తంతో భాగించి, 0.161తో గుణిస్తే మోత నిలిచే కాలం సెకన్లలో వస్తుంది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఈ లెక్క ఆధారంగా కట్టిన మొదటి సంగీతశాల.

చర్చి కచేరీకి ఈ సూత్రంలో పనికొచ్చే ముక్క ఒకటుంది. మనిషి కూడా ధ్వనిని మింగే వస్తువే. చలికాలపు కోటు వేసుకున్న మనిషి ఇంకొంచెం ఎక్కువ మింగుతాడు. మధ్యాహ్నం ఖాళీ బెంచీల ముందు చేసుకున్న అభ్యాసం, సాయంత్రం నిండిన చర్చిలో అలాగే ఉండదు. అనుభవమున్న బృందనాయకుడు అభ్యాసంలో వినిపించినదాన్ని పూర్తిగా నమ్మడు. ఒక్కొక్కరినీ బెంచీల మధ్యకు పంపి వినమంటాడు, రాత్రికి మోత ఎంత తగ్గుతుందో ఊహించి నడకను అందుకు తగ్గట్టు కాస్త వేగంగా ఉంచుకుంటాడు. గోడలకు దగ్గరగా, గ్యాలరీల కింద కూర్చోబోయేవాళ్ల కోసం స్వరం మొదలును పదునుగా, చివరను పొట్టిగా వాయించమంటాడు. మిగిలిన పొడవు గది ఇస్తుంది.

ఇప్పుడు వివాల్డి దగ్గరికి వద్దాం. కొవ్వొత్తుల కచేరీల్లో ఆయన ‘నాలుగు ఋతువులు’ మళ్లీ మళ్లీ వస్తుంది. పర్యాటకుల కోసం అరగదీసిన రికార్డని సంగీతం బాగా తెలిసినవాళ్లు మూతి విరుస్తారు. నాకు ఆ విసుగు అర్థమవుతుంది గానీ, ఆ రచన ఈ గదికి ఎంత అతికినట్టు సరిపోతుందో చూశాక దాన్ని తప్పు పట్టలేను. ఆ నాలుగు కన్సర్టోలు 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయ్యాయి. అంటే ఈ చర్చి కడుతున్న రోజుల సంగీతమే.

‘వసంతం’ మొదటి భాగం ఎత్తుగడ చూడండి. వాద్యబృందమంతా ఒక వాక్యాన్ని గట్టిగా వాయిస్తుంది, వెంటనే అదే వాక్యాన్ని మెల్లగా వాయిస్తుంది. గది తిరిగి ఇచ్చే ధ్వని ఎలా ఉంటుందో దాన్ని స్వరకర్త ముందే రాసిపెట్టాడన్నమాట. తర్వాత పక్షుల కూత వస్తుంది. అక్కడ మంద్రవాద్యాలన్నీ ఆగిపోయి మూడు వయొలిన్లే మిగులుతాయి. మోత ఎక్కువ నిలిచేది మంద్రంలో కాబట్టి, దాన్ని తీసేస్తే చిన్న చిన్న గమకాలు ఒక్కొక్కటీ విడివిడిగా వినిపిస్తాయి. ఉరుములప్పుడు స్వరాలు పరుగెడతాయి, కానీ వాటి కింద ఒకేసారి మోగే స్వరాల గుంపు, అంటే స్వరసంపుటి, మారకుండా చాలాసేపు నిలుస్తుంది. అందువల్ల ముందు స్వరం మోత తర్వాతి స్వరం మీద పడ్డా అది పొసగేదే అవుతుంది. ‘శీతకాలం’ రెండో భాగంలో తక్కిన వయొలిన్లు తీగల్ని వేలితో మీటుతాయి, వానచినుకుల్లా. వయోలాలు పొడుగైన స్వరం పట్టి ఉంచుతాయి, వాటి మీద ఒకే ఒక వయొలిన్ పాట నడుపుతుంది. మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది, దాన్ని కొనసాగించే పని గదిది. ఇంత పొదుపుగా రాసిన సంగీతానికి పదిహేను మంది లోపు బృందం చాలు. వంద మంది వాద్యకారుల సింఫనీని ఇక్కడ పెడితే గదికి చేయడానికి ఏమీ మిగలదు.

చిన్న బృందమే ఈ గదికి సరైన కొలత అని గట్టిగా నిరూపించినవాడు నెవిల్ మారినర్. వయొలిన్ వాయిద్యకారుడు, పెద్ద ఆర్కెస్ట్రాల్లో పనిచేస్తూ విసిగినవాడు. 1958లో కొందరు మిత్రులతో కలిసి కండక్టరు లేని తంత్రీవాద్య బృందం కట్టాడు. 1959 నవంబరు 13న ఆ బృందం మొదటి కచేరీ ఈ చర్చిలోనే జరిగింది, పేరూ ఈ చర్చిదే పెట్టుకుంది. కర్ర ఊపే మనిషి లేనప్పుడు ఒకరి విల్లు కదలికను మరొకరు చూడాలి, ఒకరి ఊపిరిని మరొకరు వినాలి. ఒకరి స్వరం మరొకరికి స్పష్టంగా అందే గది లేకపోతే అది సాధ్యపడదు. తర్వాత ఆ బృందం ప్రపంచంలో అత్యధికంగా రికార్డు అయిన చాంబర్ ఆర్కెస్ట్రాల్లో ఒకటైంది. 1984లో వచ్చిన ‘అమేడియస్’ సినిమాలో వినిపించే మొజార్ట్ వీళ్లు వాయించిందే.

పడమటి గ్యాలరీలో ఆర్గాన్ ఉంది. మొదటి ఆర్గాన్‌ను రాజు మొదటి జార్జ్ బహూకరించాడు. ఇప్పుడున్నది 1990లో జె. డబ్ల్యూ. వాకర్ కంపెనీ చేసింది. మూడు వరసల మెట్లు చేతులకు, ఒక వరస కాళ్లకు. మన హార్మోనియం తెలిసినవాళ్లకు ఆర్గాన్ పని సూత్రం కొత్త కాదు: ఒత్తిడితో నిలవ ఉన్న గాలి, మెట్టు నొక్కితే తెరుచుకునే దారి. తేడా ఆ మెట్టుకూ దారికీ మధ్య ఉంది. మెట్టు కింద సన్నటి చెక్క బద్ద ఒకటి ఉంటుంది. అది లాగితే అడ్డంగా అమర్చిన ఒక కడ్డీ తిరుగుతుంది, కడ్డీ రెండో కొస మరో బద్దను లాగుతుంది, అది గాలిపెట్టె అడుగున ఉన్న తోలు తొడిగిన మూతను కిందికి దింపుతుంది. మూత తెరుచుకుంటే గాలి గొట్టంలోకి పోతుంది. మధ్యలో కరెంటు ఏమీ లేదు, వేలికీ మూతకూ తిన్నగా సంబంధం. మూత తెరుచుకునే ముందు లోపలి గాలి దాన్ని మూసి పట్టుకుని ఉంటుంది కాబట్టి, వేలికి ఒక చిన్న పట్టు తగిలి, ఠక్కున వదులుతుంది. ఆ పట్టు ఆధారంగానే వాద్యకారుడు స్వరం ఎప్పుడు మొదలవ్వాలో, ఎంత మెల్లగా మూసుకోవాలో నిర్ణయిస్తాడు. పెద్ద చర్చిలో గొట్టాలకూ శ్రోతకూ మధ్య దూరం ఉంటుంది, మోత ఉంటుంది. స్వరానికీ స్వరానికీ మధ్య వదిలే ఆ వెంట్రుకవాసి ఖాళీ లేకపోతే, గొంతులు ఒకదాని వెంట ఒకటి చేరే బాఖ్ ఫ్యూగ్‌లో ఏ గొంతు ఏదో తెలియదు.

కొవ్వొత్తుల సంగతి చెప్పాలి. వాటి వేడికి వాద్యాల శ్రుతి చెడుతుందని చాలామంది అనుకుంటారు. ఒక కొవ్వొత్తి ఎనభై వాట్ల లోపే వేడినిస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి సుమారు వంద వాట్లు. అయిదు వందల మంది వస్తే యాభై కిలోవాట్ల పొయ్యి వెలిగించినట్టే. శ్రుతిని కదిలించేది వెలుగు కాదు, జనం. గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది, ఆర్గాన్‌లో ఈల తరహా గొట్టాల శ్రుతి పైకి పోతుంది. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే, ఒక్కో డిగ్రీకి దాదాపు మూడు భాగాల చొప్పున. రీడ్ గొట్టాల్లో ఇత్తడి నాలుక కొట్టుకుని స్వరం పుడుతుంది, అవి అంతగా కదలవు. కాబట్టి చల్లని మధ్యాహ్నం కలిసి ఉన్న రెండు రకాలూ నిండిన సాయంత్రానికి విడిపోతాయి. శ్రుతి చేసేవాళ్లు వందల కొద్దీ ఉండే ఈల గొట్టాల జోలికి పోరు. లెక్కకు తక్కువగా ఉండే రీడ్లను, వాటి తీగను ఇంత పైకో కిందికో తట్టి, మిగతావాటి దగ్గరికి తెస్తారు.

మెట్లు నొక్కితే తీగల్ని మీటే హార్ప్సికార్డ్ బాధ వేరు. దాని చెక్క పలక గాలిలోని తేమకు ఉబ్బుతుంది, తీగలు బిగుస్తాయి. వందల ఊపిర్లు కలిసిన తేమ గంటలో తెలిసిపోతుంది. అందుకే విరామంలో అందరూ కాఫీకి లేచి వెళ్తుంటే, ఒక మనిషి చిన్న తాళంచెవి లాంటి పనిముట్టుతో వచ్చి ఒక్కో తీగనూ మళ్లీ సరిచేసి పోతాడు. పాతకాలపు పద్ధతి వాద్యాలతో వచ్చే బృందమైతే ఆధార శ్రుతినే 440కి బదులు 415 కంపనాల దగ్గర పెట్టుకుంటుంది, దాదాపు అర స్వరం కింద. విరామంలో లేవకుండా కూర్చుని ఆ శ్రుతి చేయడం వినమని నా సలహా. టికెట్టు డబ్బుల్లో సగం అక్కడే గిట్టుతుంది.

ఇక మెట్లు దిగుదాం. నేలమాళిగ కూడా పద్దెనిమిదో శతాబ్దానిదే. ఇటుక కమానులు, బరువైన చదరపు స్తంభాలు, నేలంతా సమాధి రాళ్లు. పంతొమ్మిదో శతాబ్దం నడుమదాకా ఇక్కడ శవాలు ఉంచేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో డిక్ షెపర్డ్ అనే పాస్టరు దీన్ని పక్కనున్న చేరింగ్ క్రాస్ స్టేషన్లో దిగే సైనికులకు తెరిచిపెట్టాడు. రెండో యుద్ధంలో బాంబుల నుంచి తలదాచుకునే చోటైంది. 2008లో ముగిసిన మరమ్మతుల్లో ఎరిక్ పారీ అనే వాస్తుశిల్పి దీనికి కొత్త దారి, పైనుంచి వెలుతురు ఏర్పాటు చేశాడు. ఇప్పుడిది కేఫ్. బల్లల మధ్యనే ఒక మూల వాద్యాలు పెడతారు.

జాజ్ ఇక్కడికే ఎందుకు వచ్చిందన్నది లెక్క వేస్తే తెలుస్తుంది. వేగంగా నడిచే జాజ్‌లో నిమిషానికి రెండు వందల దెబ్బలు మామూలే. అంటే ఒక్కో దెబ్బకు సెకనులో పదింట మూడు వంతులు. మోత రెండు సెకన్లు నిలిచే గదిలో ఒక దెబ్బ పూర్తిగా అణిగేలోపు ఆరు దెబ్బలు దాని మీద పడతాయి. డ్రమ్స్ సింబల్ మీద నడిచే లయ అయినా పైస్థాయిలో ఉంటుంది గనక ఎలాగో గట్టెక్కుతుంది. ముందు మునిగేది డబుల్ బేస్. జాజ్‌లో ఆ వాద్యం ప్రతి దెబ్బకూ కొత్త స్వరం వేస్తూ నడుస్తుంది, పాట స్వరసంపుటి ఎటు వెళ్తోందో చెప్పేది అదే. రాతి కట్టడాల్లో మోత ఎక్కువసేపు నిలిచేదీ ఆ మంద్రంలోనే. వివాల్డి మంద్రాన్ని ఒకచోట నిలిపి పైన పరుగులు పెట్టిస్తాడు. జాజ్ మంద్రాన్నే నడిపిస్తుంది. రెంటికీ ఒకే గది సరిపడకపోవడానికి కారణం ఇది. పాతదానికీ కొత్తదానికీ, దైవానికీ లౌకికానికీ పెట్టుకున్న హద్దు కాదు.

నేలమాళిగ కప్పు తక్కువ ఎత్తు. ఇటుకా రాయీ కఠినమైనవే అయినా గాలి పరిమాణం చిన్నది. బల్లల చుట్టూ మనుషులు దగ్గర దగ్గరగా కూర్చుంటారు, ఎవరూ వాద్యానికి చాలా దూరంగా ఉండరు. కాబట్టి తిన్నగా వచ్చే ధ్వనే ముందుంటుంది, మోత వెనక పడుతుంది. కమానుల వంపులు స్తంభాల దగ్గర ముక్కలు ముక్కలుగా తెగి ఉండడం వల్ల ధ్వని ఒకచోట గుమిగూడదు. అయినా వాద్యకారులు జాగ్రత్తపడతారు. డ్రమ్స్ కింద తివాచీ పరుస్తారు. గట్టి కర్రల బదులు తీగల బ్రష్‌లు వాడతారు. బేస్ ఆంప్లిఫయర్‌ను మూలకు ఆనించరు, ఆనిస్తే మంద్రం రెట్టించి గుంయ్‌మంటుంది. ప్లేట్ల చప్పుడు, గ్లాసుల చప్పుడు, మాటలు ఉంటాయి. జాజ్ పుట్టి పెరిగింది ఆ చప్పుళ్ల మధ్యనే కాబట్టి దానికి వాటి మీదుగా వినిపించడం తెలుసు.

అలాగని జాజ్ పెద్ద గదిలోకి రాలేదనుకోకూడదు. జాజ్ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్ తన పవిత్ర సంగీత కచేరీల్లో మొదటిదాన్ని 1965 సెప్టెంబరు 16న శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రేస్ కెథీడ్రల్‌లో పెట్టాడు. రెండోది 1968లో న్యూయార్క్ సెయింట్ జాన్ ద డివైన్‌లో. మూడోది 1973 అక్టోబరులో, ఈ చర్చి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో. ఆ కచేరీల్లో బృందగానానికి, ఒంటరి గొంతుకు చాలా చోటిచ్చాడు. న్యూయార్క్‌లో సెయింట్ పీటర్స్ లూథరన్ చర్చి పాస్టరు జాన్ గెన్సెల్ రాత్రుళ్లు పనిచేసి ఉదయం ఆరాధనకు రాలేని జాజ్ వాద్యకారుల కోసం 1965లో ఆదివారం సాయంత్రపు జాజ్ ఆరాధన మొదలుపెట్టాడు. ఎలింగ్టన్ ఆయన గురించి ఒక రచన చేసి రెండో పవిత్ర కచేరీలో వినిపించాడు.

మోతకు లొంగకుండా, దాన్నే వాద్యంగా చేసుకున్నవాడు నార్వే శాక్సఫోన్ వాద్యకారుడు యాన్ గార్బరెక్. 1993లో ఆస్ట్రియాలోని సాంక్ట్ గెరోల్డ్ మఠంలో, హిలియర్డ్ ఆన్‌సాంబుల్ అనే నలుగురు గాయకులతో ‘ఒఫీసియుమ్’ రికార్డు చేశాడు. వాళ్లు పాడేది మధ్యయుగాల, పదహారో శతాబ్దపు చర్చి గీతాలు, రాసినది రాసినట్టు. అతను వాయించేది అప్పటికప్పుడు పుట్టేది. అందులో డ్రమ్స్ లేవు, బేస్ లేదు. ఒక స్వరం విసిరి, అది కమానుల్లో తిరుగుతుండగా దానితో పొసిగే మరో స్వరం వేస్తాడు. ఒక్కసారి ఒక్క స్వరమే పలికే వాద్యంతో రెండు మూడు స్వరాలు ఒకేసారి నిలబెడతాడు. గదిని గెలవడం అంటే లయను తీసేయడం అని అతనికి అర్థమైంది. జాజ్ లోంచి లయ తీసేస్తే ఇంకేం మిగిలిందని అడిగేవాళ్లున్నారు. ఆ రికార్డు విన్నాక అడగమనండి.

అంతస్తుల సంగతి అయింది, ఇక ఏ వేళకు ఏ సంగీతం అన్నది. చర్చి ఏడాదిని అనుసరించి కచేరీలు కూర్చడం ఐరోపాలో పాత అలవాటు. మనకు ధనుర్మాసం ఉన్నట్టే వాళ్లకు క్రిస్మస్ ముందరి అడ్వెంట్ వారాలు. ఉత్తర జర్మనీలో ల్యూబెక్ నగరపు మరియెన్‌కిర్కెలో ఫ్రాంజ్ టుండర్ మొదలుపెట్టిన సాయంకాలపు కచేరీలను, 1668లో ఆయన స్థానంలోకి వచ్చిన డీట్రిఖ్ బుక్స్‌టెహుడె క్రిస్మస్‌కు ముందరి అయిదు ఆదివారాలకు మార్చాడు. సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా. ప్రవేశం ఉచితం, ఖర్చు వర్తకులది. బుక్స్‌టెహుడె చేసిన మొదటి పనుల్లో ఒకటి ఆర్గాన్‌కు అటూ ఇటూ రెండు బాల్కనీలు అదనంగా కట్టించడం. దాంతో నలభై మంది గాయకులకూ వాద్యకారులకూ ఎత్తులో చోటు దొరికింది, సంగీతం జనం తలల మీదుగా పోసాగింది. ఇక్కడా గదిని సవరించాకే సంగీతం పెరిగింది. 1705లో ఇరవై ఏళ్ల బాఖ్ నాలుగు వారాలు సెలవు పెట్టి, ఆర్న్‌స్టాట్ నుంచి నాలుగు వందల కిలోమీటర్లు నడిచి ఈయన దగ్గరికి వచ్చాడు. దాదాపు నాలుగు నెలలు అక్కడే ఉండిపోయి, తిరిగొచ్చాక చర్చి పెద్దల చేత చీవాట్లు తిన్నాడు.

సెయింట్ మార్టిన్‌లోనూ ఏడాది చక్రం అలాగే తిరుగుతుంది. డిసెంబరులో హాండెల్ ‘మెసాయా’, క్రిస్మస్ పాటలు. ఈస్టర్ ముందు బాఖ్, మొజార్ట్ ‘రెక్వియెమ్’. తమాషా ఏమంటే, ‘మెసాయా’ మొదట వినిపించింది 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో, క్రిస్మస్‌కు కాదు, ఈస్టర్‌కు ముందరి ఉపవాస దినాల్లో. క్రిస్మస్ దాన్ని తర్వాత సొంతం చేసుకుంది. మధ్యాహ్నపు కచేరీల వెనకా ఒక చరిత్ర ఉంది. రోడ్డు అవతల నేషనల్ గ్యాలరీలో, యుద్ధానికి చిత్రాలన్నీ తరలించి గోడలు ఖాళీ అయినప్పుడు, మైరా హెస్ అనే పియానో విదుషి 1939 అక్టోబరులో షిల్లింగు టికెట్టుతో మధ్యాహ్నపు కచేరీలు మొదలుపెట్టింది. 1946 దాకా సుమారు 1,700 జరిగాయి. పని మధ్యలో భోజనం వేళ సంగీతం వినడం ఈ చుట్టుపక్కల ఊరికి అలవాటైంది అప్పుడే. ఇప్పుడు చర్చిలో ఒంటిగంటకు వాయించేవాళ్లలో చదువు ఇంకా ముగియని యువ వాద్యకారులు చాలామంది. వినేవాళ్లు తోచింది ఇచ్చి వెళ్తారు. సాయంత్రపు టికెట్ల డబ్బు, కేఫ్ రాబడి చర్చి ఖర్చులకు తోడవుతాయి.

లండన్‌లో ఉండే తెలుగువాళ్లు ఇంటికి చుట్టాలొస్తే ట్రఫాల్గర్ స్క్వేర్‌కు తీసుకెళ్లక మానరు. సింహాల దగ్గర ఫొటోలయ్యాక, గడియారం ఒంటిగంటకు దగ్గరపడుతుంటే, రోడ్డు దాటి లోపలికి వెళ్లవచ్చు. కూర్చునేటప్పుడు చోటు చూసుకోవాలి. గ్యాలరీ కింద, గోడవారగా కూర్చుంటే కప్పు నుంచి వచ్చే ధ్వని అందదు, సంగీతం పక్కగదిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. కింద అయితే మధ్య బెంచీలు, పైన అయితే గ్యాలరీ ముందు వరస. తూర్పు కిటికీ ఎదురుగా ఉంటుంది. బాంబులకు పోయిన పాత గాజు స్థానంలో 2008లో షిరాజె హౌషియారీ అనే ఇరాన్ సంతతి కళాకారిణి పెట్టినది. ఉక్కు గీతల శిలువ మధ్యలో ఒక వాలిన దీర్ఘవృత్తం. ఆర్గాన్ కచేరీ అయితే కిటికీ వైపే తిరిగి కూర్చోవాలి, వాద్యం వెనకనుంచి వస్తుంది. జాజ్ రాత్రి అయితే మెట్లు దిగి, బేస్ వాయించే మనిషి వేళ్లు కనిపించే బల్ల పట్టుకోండి.